మలావీ తొలి అధ్యక్షుడు బండా నిజంగా డాక్టరేనా? డాక్టరు అంత నియంత ఎలా అయ్యాడు?

మీరు రెండు విషయాలు అడిగారు. మలావీ తొలి అధ్యక్షుడు హేస్టింగ్స్ కముజు బండా పేరు ముందున్న 'డాక్టర్' ఏదో యూనివర్సిటీ ఇచ్చిన గౌరవ డాక్టరేటా, లేక ఆయన నిజంగా రోగుల్ని చూశాడా అన్నది ఒకటి. రోగుల్ని చూసిన మనిషి తన సహచరుల్నే జైళ్ళలో కుక్కేంత కఠినుడు ఎలా అయ్యాడన్నది రెండోది. నేను డాక్టర్ని, మలావీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడి పెద్దవాళ్ళు ఆయన గురించి చెప్పుకునేవి విన్నాను, ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను. కాస్త పొడుగైనా వివరంగానే చెబుతాను.

ఆయన నిజమైన డాక్టరే. అది కూడా మామూలుగా అయిన డాక్టరు కాదు.

అధికారిక లెక్కలో బండా పుట్టింది 1906లో. నిజానికి 1898 ప్రాంతంలో పుట్టి ఉంటాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉండి, తర్వాత న్యాసాలాండ్ అని పేరు పడిన ప్రాంతంలో, అంటే ఇప్పటి మలావీలో, కసుంగు దగ్గర పల్లెలో చర్చి బడిలో చదువుకున్నాడు. పొట్టి పిల్లవాడు. 1915 ప్రాంతంలో పరీక్ష రాస్తూ, వెనక వరసలోంచి బోర్డు మీది ప్రశ్న కనబడక లేచి నిలబడి తొంగిచూశాడట. కాపీ కొడుతున్నాడని పరీక్ష నడిపిస్తున్న కల్లెన్ యంగ్ అనే స్కాట్లండ్ మిషనరీ బయటికి పంపేశాడు. ఆ దెబ్బతో కుర్రవాడు ఊరు వదిలి కాలినడకన దక్షిణానికి బయల్దేరాడు. సదరన్ రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, హార్ట్లీ అనే ఊళ్ళో ఆసుపత్రిలో చిన్న పని దొరికింది. ఆసుపత్రి లోపల ఏం జరుగుతుందో మొదటిసారి చూసింది అక్కడే. ఆ తర్వాత జొహానెస్‌బర్గ్ దగ్గర బంగారు గనుల్లో పనిచేశాడు.

ఇంకో విశేషం కూడా చెప్పాలి. ఆ కల్లెన్ యంగ్, ఈ బండా ముప్ఫై ఏళ్ళ తర్వాత బ్రిటన్‌లో కలుసుకుని, 1946లో ఒక పుస్తకానికి ఇద్దరూ కలిసి సంపాదకత్వం వహించారు. పాత కోపాన్ని ఆయన అలా మర్చిపోగలిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. తర్వాతి కథ వింటుంటే ఇది నమ్మబుద్ధి కాదు.

జొహానెస్‌బర్గ్‌లో నల్లజాతివాళ్ళు నడిపే అమెరికన్ చర్చి ఒకటి ఉండేది. దాని బిషప్ వెర్నన్, ఓడ చార్జీలు సంపాదించుకుంటే అమెరికాలో చదువు సంగతి తాము చూస్తామన్నాడు. 1925లో బండా ఓడెక్కాడు. ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్‌లో హైస్కూలు చదువు పూర్తయ్యేసరికి 1928. అంటే అప్పటికి ముప్ఫైకి అటూ ఇటూ. తర్వాత ఇండియానా, అక్కణ్ణుంచి చికాగో. చికాగోలో 1931లో చరిత్ర ప్రధానంగా డిగ్రీ తీసుకున్నాడు. అక్కడ ఉండగానే మార్క్ హన్నా వాట్కిన్స్ అనే భాషాశాస్త్రవేత్తకు తన మాతృభాష చిచేవా చెప్పి, ఆ భాష వ్యాకరణం రాయడానికి సాయపడ్డాడు. చివరికి టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని మెహారీ మెడికల్ కాలేజీలో చేరి 1937లో ఎం.డి. పట్టా తీసుకున్నాడు. వర్ణవివక్ష నిండుగా ఉన్న ఆ రోజుల్లో నల్లజాతి విద్యార్థులకు వైద్యవిద్య చెప్పే అతికొద్ది కాలేజీల్లో మెహారీ ఒకటి.

ఇంత చదివినా సొంతదేశంలో ప్రాక్టీసు చేసే వీల్లేదు. రష్యాలోనో ఫిలిప్పీన్స్‌లోనో డాక్టరీ చదివొచ్చిన మన పిల్లలు ఇక్కడ ఎఫ్ఎంజీఈ అనే పరీక్ష పాసైతేగానీ రిజిస్ట్రేషన్ రానట్టే, అమెరికా పట్టా బ్రిటిష్ వలస రాజ్యాల్లో చెల్లేది కాదు. అందుకని ఎడిన్‌బరో వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టి, 1941లో అక్కడి రాయల్ కాలేజీల లైసెన్సు సంపాదించాడు. నలభై దాటిన వయసులో అనాటమీ, సర్జరీ మళ్ళీ చదివి పరీక్ష రాయడమంటే ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఎడిన్‌బరోలో ఉండగా ఆయన స్కాట్లండ్ చర్చిలో ఎల్డర్ (సంఘపెద్ద) కూడా అయ్యాడు. స్వదేశం వెళ్ళి మిషన్ ఆసుపత్రిలో పనిచేయాలన్నది అప్పటి కోరిక. ఉత్తర న్యాసాలాండ్‌లోని లివింగ్‌స్టోనియా మిషన్‌లో చేరతానని అడిగాడు. నల్ల డాక్టరు కింద పనిచేయలేమని అక్కడి తెల్ల నర్సులు ఉత్తరం రాశారు. పని కుదరలేదు. తన దేశంలో తన మనుషులకు వైద్యం చేసే అవకాశం ఆ ఉత్తరంతో పోయింది. బండా జీవితంలో ఏ మలుపు ముఖ్యమని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను. ఆ రోజు ఆ ఉద్యోగం దొరికి ఉంటే, కొండమీది ఆసుపత్రిలో ఒక మంచి డాక్టరుగా రిటైరయ్యేవాడేమో.

యుద్ధకాలంలో సైన్యంలో చేరనని, అది తన మనస్సాక్షికి విరుద్ధమని చెప్పాడు. లివర్‌పూల్‌లోనూ, ఆ తర్వాత ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో నార్త్ షీల్డ్స్‌లోనూ పనిచేశాడు. నార్త్ షీల్డ్స్‌లో ఓడల మీద పనిచేసే నల్లజాతి నావికుల కోసం నడిపే కేంద్రంలో ఉండేవాడు. యుద్ధం ముగిశాక లండన్‌లో హార్ల్స్‌డెన్ అనే పేటలో ప్రాక్టీసు పెట్టాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సామాన్య తెల్ల కుటుంబాలవాళ్ళు. ప్రాక్టీసు బాగా సాగింది. ఓపిగ్గా చూస్తాడని, లేనివాళ్ళ దగ్గర డబ్బు కోసం పట్టుబట్టడని పేరొచ్చింది. స్వదేశంలో నర్సులు వద్దన్న డాక్టరు దగ్గరికి లండన్‌లో తెల్ల తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి చూపించుకున్నారు.

రాజకీయాలకు డబ్బు, చోటు ఇచ్చింది ఈ ప్రాక్టీసే. 1944లో పుట్టిన న్యాసాలాండ్ ఆఫ్రికన్ కాంగ్రెస్‌కు దూరం నుంచే ఉత్తరాలు రాసేవాడు, డబ్బు పంపేవాడు. ఆదివారాల్లో ఆయన ఇంటికి ఆఫ్రికా విద్యార్థులు, నాయకులు వచ్చిపోయేవారు. తర్వాత ఘనా నాయకుడైన ఎన్‌క్రుమా, కెన్యా నాయకుడైన కెన్యాట్టా ఆయనకు పరిచయస్తులే. 1953లో బ్రిటన్ సదరన్, నార్తర్న్ అనే రెండు రొడీషియాలనూ న్యాసాలాండ్‌నూ కలిపి ఒక ఫెడరేషన్ చేసింది. పెత్తనమంతా సదరన్ రొడీషియా తెల్లవాళ్ళ చేతికి పోతుందని బండా మొదటినుంచీ మొత్తుకున్నాడు. వినేవాళ్ళు లేకపోయేసరికి మనసు విరిగి, లండన్ వదిలి, ఇప్పుడు ఘనా అంటున్న గోల్డ్ కోస్ట్‌లోని కుమాసీ వెళ్ళి అక్కడ డాక్టరుగా స్థిరపడ్డాడు.

ఇక రెండో ప్రశ్న.

1950ల చివర్లో కాంగ్రెస్‌ను నడిపిస్తున్నవాళ్ళు కుర్రాళ్ళు. హెన్రీ చిపెంబెరె, కన్యామా చియూమె, దుందుజు చిసీజా, ముగ్గురికీ ముప్ఫై నిండలేదు. చదువుంది, ధైర్యముంది, పట్టుదల ఉంది. కానీ పల్లెల్లో ముసలివాళ్ళు కుర్రాళ్ళ మాట వింటారా? తల నెరిసిన మనిషి కావాలి. ఊళ్ళో ఎవరితోనూ పాత తగాదాలు లేనివాడు, తెల్లవాళ్ళ చదువును తెల్లవాళ్ళ గడ్డమీదే చదివి నెగ్గినవాడు కావాలి. అలాంటి మనిషి కుమాసీలో ఉన్నాడు. పోరాటం గెలవాలంటే జనం కొలవడానికి ఒక వీరుడు ఉండాలని చిపెంబెరె ఆయనకు స్వయంగా ఉత్తరం రాశాడు. అంటే ఆ వీరపూజను తెలిసి తెలిసి, ఒక వ్యూహంగా తయారుచేసింది ఈ యువకులే. అసలు పని తాము చేస్తాం, ముందు పెద్దాయన్ని నిలబెడదాం అనుకున్నారు.

1958 జులై 6న బండా బ్లాంటైర్ దగ్గరి చిలెకా విమానాశ్రయంలో దిగాడు. దేశం వదిలి నలభై ఏళ్ళు దాటింది. త్రీ పీస్ సూటు, హ్యాటు. సభల్లో ఇంగ్లిషులో మాట్లాడేవాడు, పక్కన ఒకరు చిచేవాలోకి మార్చి చెప్పేవారు. చిచేవా వ్యాకరణానికి సాయపడిన మనిషికే సొంతభాషలో ఉపన్యాసం ఇచ్చే అలవాటు తప్పిపోయింది. జనానికి అది లోటుగా అనిపించలేదు, గౌరవం ఇంకా పెరిగింది. ఆగస్టులో న్‌ఖాటా బే సభలో పార్టీ పగ్గాలు పూర్తిగా ఆయనకే అప్పజెప్పారు. పదవుల్లో ఎవరుండాలో నిర్ణయించే అధికారం కూడా ఇచ్చేశారు.

1959 మార్చి 3న బ్రిటిష్ గవర్నరు ఎమర్జెన్సీ ప్రకటించి, తెల్లవారుజామున బండాను రాత్రి దుస్తుల్లోనే పట్టుకుని సదరన్ రొడీషియాలోని గ్వెలో జైలుకు పంపాడు. వెయ్యిమందికి పైగా నిర్బంధంలోకి వెళ్ళారు. ఆ గొడవల్లో యాభైమందికి పైగా చనిపోయారు. ఆ ఒక్కరోజే న్‌ఖాటా బేలో కాల్పులకు 20 మంది బలయ్యారు. విచారణకు బ్రిటన్ పంపిన జడ్జి డెవ్లిన్, న్యాసాలాండ్ తాత్కాలికంగానైనా పోలీసు రాజ్యంగా మారిందని రిపోర్టులో రాశాడు. తెల్లవాళ్ళను చంపడానికి కుట్ర జరిగిందన్న ప్రభుత్వ వాదనను ఒప్పుకోలేదు. ఫెడరేషన్ నైతికంగా అక్కడే కుప్పకూలింది. బండా జైల్లో ఉండగా పార్టీని నిలబెట్టింది ఓర్టన్ చిర్వా అనే లాయరు. నిషేధించిన కాంగ్రెస్ స్థానంలో మలావీ కాంగ్రెస్ పార్టీ స్థాపించి, 1960 ఏప్రిల్‌లో బండా విడుదల కాగానే కుర్చీ ఆయనకు అప్పజెప్పి పక్కకు తప్పుకున్నాడు. ఈ చిర్వా పేరు గుర్తుంచుకోండి.

1964 జులై 6న న్యాసాలాండ్‌కు మలావీ అన్న పేరుతో స్వాతంత్ర్యం వచ్చింది. ప్రధాని బండాయే. రెండు నెలలు తిరక్కుండానే మంత్రివర్గం చీలిపోయింది. దీన్ని కేబినెట్ సంక్షోభం అంటారు. కారణాల్లో విదేశాంగ విధానం ఉంది, తెల్ల ఉద్యోగుల స్థానంలో ఆఫ్రికన్లను త్వరగా వేయకపోవడం ఉంది, జీతాల గొడవ ఉంది, నిర్ణయాలన్నీ ఒక్కడే తీసుకుంటున్నాడన్న బాధ ఉంది. వీటితోపాటు నన్ను ఎక్కువ కలచివేసే కారణం ఇంకొకటుంది. ప్రభుత్వ ఆసుపత్రి ఔట్‌పేషెంట్‌కు వచ్చేవాళ్ళ దగ్గర మూడు పెన్నీలు వసూలు చేయాలని బండా నిర్ణయించాడు. మూడు పెన్నీల బిళ్ళను అక్కడ టికీ అంటారు. యువ మంత్రులు ఇది వద్దని గట్టిగా చెప్పారు.

లండన్‌లోనో ఢిల్లీలోనో కూర్చుని చూస్తే మూడు పెన్నీలు ఏపాటి? మలావీ పల్లెలో లెక్క వేరు. డబ్బు కళ్ళజూసేది పంట అమ్మిన రోజుల్లోనే. డిసెంబర్ నుంచి మార్చి దాకా వానాకాలం, గాదెలో మొక్కజొన్న అడుగంటే కాలం. మలేరియా విరుచుకుపడేదీ అప్పుడే. చితెంజె గుడ్డతో బిడ్డను వీపుకు కట్టుకుని, బురదలో మైళ్ళు నడిచి ఔట్‌పేషెంట్ బెంచీ మీద కూర్చున్న తల్లుల్ని నేను చూశాను. జ్వరం వచ్చిన రెండో రోజున తెచ్చిన బిడ్డ మాత్రలతో లేచి ఆడుకుంటుంది. ఇంకో రెండు రోజులు చూద్దాంలే అని ఆగి, ఫిట్స్ మొదలయ్యాక తెచ్చిన బిడ్డకు రక్తం ఎక్కించాలి, అదృష్టం ఉండాలి. ఆ రెండు రోజుల ఆలస్యానికి చేతిలో చిల్లర లేకపోవడమే చాలు. డాక్టరు కాని మంత్రులకు ఈ సంగతి అర్థమైంది, డాక్టరైన ప్రధానికి అర్థం కాలేదు. ఆయన వైద్యం చేసింది ఇంగ్లండ్‌లో, కుమాసీ పట్నంలో. సొంత పల్లెలో ఒక్క ఔట్‌పేషెంట్ కూడా నడపలేదు. నడపనివ్వలేదు అనడమే న్యాయం.

సెప్టెంబర్ 7న చియూమె, చిర్వా, బ్వనౌసి మంత్రి పదవులు ఊడిపోయాయి. వాళ్ళకు మద్దతుగా మరికొందరు రాజీనామా చేశారు. ఆ సమయంలో కెనడాలో ఉన్న చిపెంబెరె తిరిగొచ్చి తానూ రాజీనామా చేశాడు. దేశం తెచ్చిన తరమంతా ఒక్క వారంలో ప్రభుత్వం బయట పడింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ఆ ఏడాది చివరికల్లా బండా చేతిలో ఉంది. బ్రిటిష్‌వాళ్ళు తన మీద వాడిన ఆయుధమే అది.

1965 ఫిబ్రవరిలో చిపెంబెరె ఒక చిన్న తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. ఆయనకు డయాబెటిస్ ఉంది. అడవిలో దాక్కుని తిరిగే మనిషికి ఇన్సులిన్ దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి. చివరికి గవర్నర్ జనరల్ గ్లిన్ జోన్స్ మధ్యవర్తిగా, బండాకు తెలిసే, ఆయన్ని అమెరికా పంపేశారు. అక్కడే 1975లో ఆ డయాబెటిస్‌తోనే చనిపోయాడు. బండా తన ప్రత్యర్థిని ప్రాణాలతో పోనిచ్చిన అరుదైన సందర్భం ఇది.

ఆ తర్వాతి ముప్ఫై ఏళ్ళ గురించి మీరు వినే ఉంటారు కాబట్టి త్వరగా చెబుతాను. 1966లో రిపబ్లిక్, ఏకపార్టీ రాజ్యం. 1971లో జీవితకాల అధ్యక్షుడు. ప్రకటనల్లో పేరు ముందు 'డాక్టర్' తప్పకుండా ఉండాల్సిందే. ఆడవాళ్ళు ప్యాంట్లు, పొట్టి గౌన్లు వేసుకోకూడదు, మగవాళ్ళు జుట్టు పెంచకూడదు. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికాతో 1967లోనే దౌత్య సంబంధాలు. ఆ దేశమిచ్చిన డబ్బుతో, అప్పుతో కొత్త రాజధాని లిలొంగ్వే. పొగాకు ఎస్టేట్లు పెరిగాయి, వాటితోపాటు బండా సొంత వ్యాపారాలూ పెరిగాయి. ఎస్టేట్ కూలీల పిల్లలు మాత్రం ఎముకలగూడుల్లా ఉండేవారు. 1981లో తను చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన చోటికి దగ్గర్లో కముజు అకాడమీ తెరిచి, ఇంగ్లండ్ నుంచి టీచర్లను రప్పించి, పిల్లలకు లాటిన్, గ్రీకు చెప్పించాడు. అంతటి ఖర్చు పెట్టగలిగిన డాక్టరు అధ్యక్షుడి దేశంలో డాక్టర్లను తయారుచేసే కాలేజీ 1991 దాకా లేదు. డాక్టరు కావాలనుకున్న పిల్లలు విదేశాలకు వెళ్ళాల్సిందే. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. వైద్యుడిగా బండాను నేను క్షమించలేనిది ఇదే.

చిర్వా సంగతికి వద్దాం. ప్రవాసంలో ఉన్న ఆయన్నీ భార్య వెరానూ 1981 చివర్లో జాంబియా సరిహద్దు నుంచి ఎత్తుకొచ్చారు. సాంప్రదాయిక కోర్టులో రాజద్రోహం కేసు నడిపి మరణశిక్ష వేశారు. ప్రపంచమంతా గోల చేసేసరికి 1984లో యావజ్జీవంగా మార్చారు. భార్యాభర్తలిద్దరూ ఒకే జోంబా జైల్లో ఉన్నా ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోనివ్వలేదు. 1992లో బ్రిటిష్ లాయర్ల బృందం వచ్చినప్పుడు ఒక్కసారి కలవనిచ్చారు. కొద్ది వారాలకే, అక్టోబర్‌లో, చిర్వా జైల్లో చనిపోయాడు. పార్టీ పెట్టి, కుర్చీ తెచ్చి ఇచ్చిన మనిషి ఆయన.

కాబట్టి 'డాక్టరు ఎలా నియంత అయ్యాడు' అన్నదానికి నా సమాధానం వైద్యంలో లేదు. డాక్టరు అనే మాటకున్న గౌరవాన్ని ఒక పార్టీ తన అవసరం కోసం వాడుకుని, దానికి బదులుగా అడ్డూ అదుపూ లేని అధికారాన్ని ఒక్క మనిషికి రాసిచ్చింది. నలభై ఏళ్ళు బయటే ఉన్న మనిషికి దేశంలో సమానమైన స్నేహితులు లేరు, తప్పని చెప్పి మందలించగల పెద్దలూ లేరు. వలసపాలకులు వదిలిన నిర్బంధ చట్టాలు చేతికి సిద్ధంగా ఉన్నాయి. రోగి డాక్టరు చెప్పింది వినాలి, ఎదురు ప్రశ్నలు వేయకూడదు అన్న పాతకాలపు వైద్యుల ధోరణి కూడా కొంత తోడై ఉంటుందని నా అనుమానం. మా వృత్తిలో ఆ ధోరణి ఇప్పటికీ పోలేదు కాబట్టి అంటున్నాను. కానీ దాన్నే ప్రధాన కారణం చేయను.

ఎందుకంటే అదే కాలంలో సియెర్రా లియోన్ తొలి ప్రధాని మిల్టన్ మార్గాయ్ కూడా డాక్టరే. ఆ దేశపు లోపలి ప్రాంతం నుంచి డాక్టరైన మొదటి మనిషి. ఆయన వైద్యం చేసింది సొంత పల్లెల్లో. ఆడపిల్లల దీక్షలు జరిపించే సాందే అనే స్త్రీల సంఘం పెద్దల దగ్గరికి వెళ్ళి, వాళ్ళను కించపరచకుండా, శుభ్రమైన కాన్పు ఎలా చేయాలో నేర్పించాడు. మెండె భాషలో మంత్రసానుల కోసం పాఠం రాశాడు. 1961లో దేశానికి స్వాతంత్ర్యం తెచ్చి, 1964లో పదవిలో ఉండగానే చనిపోయాడు. తన ప్రత్యర్థుల్ని స్వాతంత్ర్యం వేళ కొంతకాలం నిర్బంధించిన మాట నిజమే. అయినా ఎన్నికలు జరిపించాడు, ప్రతిపక్షాన్ని బతకనిచ్చాడు. అంగోలా తొలి అధ్యక్షుడు అగొస్టీన్యో నెటో పోర్చుగల్‌లో చదివిన డాక్టరు, కవి కూడా. ఐవరీ కోస్ట్ నాయకుడు హూఫ్వే బొయ్‌నీ డాకర్ మెడికల్ స్కూల్లో చదివి, పదిహేనేళ్ళ దాకా వైద్యసహాయకుడి హోదాలో పనిచేశాడు. ఒకే వృత్తి నుంచి వచ్చిన ఈ నలుగురూ నాలుగు రకాలు.

బండా పతనం మొదలైంది 1992 మార్చిలో. క్యాథలిక్ బిషప్పులు ఒక లేఖ రాసి అన్ని చర్చిల్లో ఒకే ఆదివారం చదివించారు. అందులో స్వేచ్ఛ గురించే కాదు, ఆసుపత్రుల్లో రద్దీ గురించి, సిబ్బంది కొరత గురించి కూడా రాశారు. సహాయం ఇచ్చే దేశాలు డబ్బు ఆపేశాయి. 1993 జూన్ రెఫరెండంలో మూడింట రెండొంతులకు దగ్గరగా జనం బహుళపార్టీ విధానం కావాలన్నారు. 1994 మే ఎన్నికల్లో బండా ఓడిపోయి, ఫలితాన్ని ఒప్పుకుని దిగిపోయాడు. 1983లో నలుగురు రాజకీయ నాయకుల హత్య కేసులో 1995లో విచారణ జరిగి నిర్దోషిగా బయటపడ్డాడు. 1997 నవంబర్ 25న జొహానెస్‌బర్గ్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. వందకు దగ్గర పడిన వయసు.

అక్కడి వాళ్ళకు ఆయన మీద ఇప్పుడు ఎలాంటి అభిప్రాయం ఉందో కూడా చెబుతాను. ముసలివాళ్ళలో చాలామంది రోడ్లు, క్రమశిక్షణ, కడుపునిండా మొక్కజొన్న గుర్తుచేసుకుంటారు. జైలుకెళ్ళిన ఇళ్ళవాళ్ళు ఆయన మాటెత్తితే వేరే సంగతిలోకి వెళ్ళిపోతారు. 2021లో బ్లాంటైర్ మెడికల్ కాలేజీని, నర్సింగ్ కాలేజీని కలిపి కముజు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అని పేరు పెట్టారు. మలావీ డాక్టర్ల పట్టాల మీద ఇప్పుడు ఉండేది ఆయన పేరే. నన్నడిగితే ఓర్టన్, వెరా చిర్వాల పేరు పెట్టి ఉండాల్సింది.